చేసిన చేతికే తొలిదెబ్బ

ఆమెకి మనుషులంటే గిట్టదు. తీరిగ్గా కూర్చునే మనుషులంటే అసలే గిట్టదు. అయినా పాతికేళ్ళుగా మనుషులు కూర్చునేవాటిని కుట్టే బతుకుతోంది. సినిమా హాలు కుర్చీలు, బస్సు సీట్లు, పళ్ళ డాక్టరు గదిలో వెనక్కి వాలే కుర్చీ, చుట్టాలొస్తున్నారని హడావిడిగా గుడ్డ మార్పించుకునే సోఫాలు. వీధిలో అందరికీ ఆమె స్పాంజక్క. ఆ పేరు పెట్టినవాడెవడో తెలిస్తే సూదీ దారంతో నోరు కుట్టేస్తానని చాలాసార్లు అంది. పిలిస్తే మాత్రం పలికేది.

ఆమె షాపు రెండు గోడల మధ్య ఇరుక్కుపోయిన పొడుగాటి గది. వెనక ఒకే ఒక్క కిటికీ. మధ్యాహ్నం అందులోంచి వెలుగు వచ్చి స్పాంజి దొంతరల మీద కాసేపు పడుకుని లేచి వెళ్ళిపోతుంది. వెలుగు పడిన చోట తెల్లటి స్పాంజి ఏడాదికింత పసుపెక్కుతుంది. గడియారం, క్యాలెండరు లేని ఆ గదిలో కాలం కనబడేది అక్కడే. మొగుడు మూడేళ్ళు కాపురం చేసి, "ఈ ఇంట్లో అన్నానికి కూడా జిగురు వాసనే" అని వెళ్ళిపోయాడు. వెళ్ళినందుకు ఆమెకి పెద్ద బాధ లేదు. వెళ్ళేటప్పుడు తలుపు వెయ్యకుండా పోయాడన్న కోపం మాత్రం ఇప్పటికీ ఉంది.

అలాంటి మనిషి చేత నక్షత్రాల మధ్య యుద్ధానికి ఆయుధాలు చేయించినవాడు ఆమె మరిది. చెల్లెలి మొగుడు. అతను కారు నడపడం నేర్పుతాడు. రోజంతా పక్క సీట్లో కూర్చుని, ఎదుటివాళ్ళ కాలు బ్రేకు మీద పడుతుందో లేదోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే ఉద్యోగం. ఆదివారం వస్తే మాత్రం అతను అంతరిక్ష నౌకకి కెప్టెన్. మూతపడిన ఐసు ఫ్యాక్టరీలో ముప్పై మంది చేరతారు. తలా ఒక వేషం, తలా ఒక కథ. దారి తప్పిన ఒక ఓడ, అందులో ఒకరంటే ఒకరికి పడని రెండు దళాలు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వేషంలోనే మాట్లాడతారు, కుట్రలు పన్నుతారు, చివరికి కొట్టుకుంటారు. చచ్చినవాడు వచ్చే వారం కొత్త పేరుతో పుడతాడు.

నాలుగేళ్ళ కిందట అతను చేతిలో ఒక బొమ్మ గీసిన కాగితంతో షాపు గుమ్మంలో నిలబడ్డాడు.

"వదినా, మీరు కోప్పడనంటే ఒకటి అడుగుతాను."

"కోప్పడతాను. అడుగు."

కాగితం మీద గొడ్డలి. పిడికి తీగలు, మీటలు.

"చుక్కల మధ్య తిరిగే ఓడలో గొడ్డలేమిటయ్యా? నీకు తుపాకులు దొరకలేదా?"

"తుపాకీ పేలిస్తే ఓడ గోడకి చిల్లు పడుతుంది వదినా. చిల్లు పడితే గాలంతా బయటికి పోతుంది. కొట్టినవాడూ చస్తాడు, కొట్టించుకున్నవాడూ చస్తాడు. అందుకని మా దగ్గర తుపాకీ నిషేధం. ఊపిరి తగిలేంత దగ్గరగా వచ్చి కొట్టుకోవాల్సిందే."

ఆ మాట ఆమెకి నచ్చింది. నచ్చిందని చెప్పలేదు. గోడకి చిల్లు పడకుండా ఇన్నేళ్ళూ పోట్లాడిన మనిషి ఆమె.

"పెట్టి పో" అంది.

అలా మొదలైంది. తలుపులు పగలగొట్టడానికి తలుపు గొడ్డలి. ఇనప నేలని పట్టుకుని నిలబెట్టే అయస్కాంత ఈటె. అంచు పొడుగునా నీలం టేపు మెరిసే మెరుపు కత్తి. బరువే లేని గదిలో విసిరే గొలుసు గద. లోపల ఫైబర్ గ్లాసు కడ్డీ, దాని చుట్టూ పొరలు పొరలుగా స్పాంజి, పైన రబ్బరు పూత. అసలు రహస్యమంతా మొనలో ఉంది. కడ్డీ చివర గట్టి తోలు బిళ్ళ కూర్చి, దాని మీద మూడు వేళ్ళ మందాన స్పాంజి పెట్టేది. పొడిచినప్పుడు కడ్డీ ఆ బిళ్ళని దాటి రాకూడదు. అన్నీ అయ్యాక పిడి అడుగున ఎర్రదారంతో ఒక అడ్డూ ఒక నిలువూ కుట్టేది. అదే ఆమె సంతకం.

ఓడలో ఒక ఆచారం ఉంది. ఏ ఆయుధమైనా యుద్ధంలోకి దిగే ముందు, దాని తొలిదెబ్బ చేసినవాళ్ళ ఒంటి మీదే పడాలి. అందరూ చూస్తుండగా ముంజేతి మీద మూడు దెబ్బలు, పొడిచేదైతే డొక్కలో మూడు పోట్లు. ఒంటి మీద మచ్చ తేలితే ఆ ఆయుధం చెత్తబుట్టకే. కొట్టేది కెప్టెన్. అందుకే ఆమె ప్రతి కొత్త ఆయుధంతోనూ ఆ ఫ్యాక్టరీ దాకా వెళ్ళేది. జాకెట్టు చెయ్యి పైకి మడిచి, పళ్ళ బిగువున నిలబడేది. మరిది ఆ దెబ్బలు కాస్త గట్టిగానే వేసేవాడు. పండక్కి పెట్టలేదనో, పెళ్ళిలో మర్యాద చేయలేదనో మనుషులు మనసులో దాచుకునేవాటికి అక్కడ ఒక దారి దొరికిందని ఆమెకి తెలుసు. ఆమె రెప్ప వేసేది కాదు. నలభై మూడు ఆయుధాలు. ఒక్కదానికీ మచ్చ తేలలేదు.

ఆయుధం అప్పజెప్పిన ప్రతిసారీ ఒకే మాట చెప్పేది. "ఇవి పడుకోవాలి. నిలబడకూడదు." చెప్పి ఊరుకోలేదు. చెక్కతో వెడల్పాటి చట్రం ఒకటి చేసి, గుడ్డ ఉచ్చులు కుట్టి, ఒక్కో ఆయుధం ఒక్కో ఉయ్యాల్లో అడ్డంగా పడుకునేలా అమర్చి ఇచ్చింది. స్టోరు గదిలో సగం అదే ఆక్రమించింది.

"వీటికి జోలపాట కూడా పాడాలా వదినా?" అని నవ్వాడు మరిది.

"నీ గొంతుతో వద్దు. జడుసుకుంటాయి."

నలభై మూడోది ఇచ్చాక ఎనిమిది నెలలు ఆమె అటు వెళ్ళలేదు. కొత్త ఆయుధాలు ఎవరూ అడగలేదు. ఊళ్ళో ఒక సినిమా హాలు మొత్తం సీట్లు మారుస్తోంది, తల ఎత్తడానికి తీరిక లేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం చెల్లెలు ఫోను చేసి ఏడ్చింది. కార్ల షెడ్డులో రంగులు వేసే పెయింటరు అయస్కాంత ఈటెతో ముందుకి దూకాడట. లెక్కల టీచరు దాన్ని తప్పించుకోబోయి కిందకి వంగిందట. గుండెకి తగలాల్సిన మొన కంటికి తగిలింది. చూపు నిలుస్తుందో లేదో రెండు వారాలయితే గానీ చెప్పలేమని డాక్టరు అన్నాడు.

స్పాంజక్క చేతిలో సూది ఆగిపోయింది. "ఏ ఈటె?"

"నీదే అక్కా. ఎర్రదారం ఉంది."

మర్నాడు కెప్టెన్ దగ్గర్నుంచి కబురొచ్చింది. ఫ్యాక్టరీ నోటీసు బోర్డు మీద ఆమె పేరు కింద రెండు ముక్కలు రాసి పెట్టారు: ప్రమాదకరమైన చేతిపని. వచ్చే ఆదివారం అందరూ కూర్చుని నిర్ణయిస్తారు. తప్పు ఆమెదని తేలితే ఎర్రదారం ఉన్న ప్రతి ఆయుధాన్నీ కోసి పారేస్తారు. ఇకమీదట ఆమె చేసినది ఏదీ ఆ ఓడ గుమ్మం దాటదు.

ఆ వారమంతా ఆమె కుట్టిన కుట్లన్నీ వంకర పోయాయి. ఓడ పోతే పోయింది. ఆటలూ అక్కర్లేదు, ఆడేవాళ్ళూ అక్కర్లేదు. కానీ ఒక ఆడమనిషి కన్ను తన చేతిపని వల్ల పోతోందా? ఆ ఒక్క ప్రశ్న స్పాంజిలో విరిగిన సూదిలా ఉండిపోయింది. ఎటు ఒత్తినా గుచ్చుతుంది. ఆ ఈటె చేసిన రోజులు ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. తోలు బిళ్ళ పెట్టానా? పెట్టాను. పెట్టాననుకుంటున్నానా? చేతులు చూసుకుంది. చేతులు ఏమీ చెప్పలేదు.

ఆదివారం వెళ్ళింది. ఐసు ఫ్యాక్టరీ గోడలకి వెండి కాగితం అతికించి ఉంది. పైకప్పు రేకుల సందుల్లోంచి ఎండ సన్నటి కడ్డీలుగా దిగుతోంది. అందరూ మామూలు బట్టల్లోనే వచ్చారు. కెప్టెన్ మాత్రం ఎత్తయిన కొత్త కుర్చీలో, వెండి రంగు వేసిన సింహాసనం లాంటిదాంట్లో కూర్చున్నాడు. ముందు వరుసలో లెక్కల టీచరు. ఎడమ కంటి మీద తెల్లటి కట్టు. ఆమె పక్కన చోటున్నా ఎవరూ కూర్చోలేదు. పెయింటరు ఒక మూల తల వంచుకుని గోళ్ళలో రంగు గీక్కుంటున్నాడు.

"ఈ ఓడ ఆయుధకర్త మీద వచ్చిన అభియోగం విచారించడానికి..." అని కెప్టెన్ మొదలుపెట్టాడు.

"ఆ నాటకం భాష నా దగ్గరొద్దు. ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడు."

"సరే. ఇంట్లో మాట్లాడినట్టే చెప్తున్నాను వదినా. మీ పని వల్ల ఆ అమ్మాయి కన్ను పోయేలా ఉంది."

"ఆవిడకి నోరుంది. ఆవిడే అంటుంది."

టీచరు తల తిప్పకుండానే అంది. "నేను అనడానికి రాలేదు. చూడ్డానికొచ్చాను. ఒంటి కన్నుతో ఎంత కనబడితే అంత."

వెనకనుంచి ఎవరో అందుకున్నారు. "స్పాంజి తగ్గించేసుంటుంది."

"పాత సోఫాల్లోంచి పీకి పెట్టుంటుంది. బస్సు సీట్లు మార్చినప్పుడు ఆ పాతదంతా ఎక్కడికి పోతుందనుకున్నారు?"

నవ్వులు. స్పాంజక్కకి ఒళ్ళు మండిపోయింది. ప్రమాదకరం అన్నందుకు కూడా అంత మండలేదు.

"ఆ ఈటె ఇటివ్వండి" అంది.

తెచ్చి ఇచ్చారు. ఆమె దాన్ని మరిది చేతికిచ్చింది.

"ఇది నేను తెచ్చిన రోజు నా డొక్కలో ఎన్ని పోట్లు పొడిచావు?"

"ఆచారం ప్రకారం మూడు."

"మెల్లగానా, గట్టిగానా?"

ఎవరో కిసుక్కుమన్నారు. కెప్టెన్ ముఖం ఎర్రబడింది. "గట్టిగానే."

"నాకూ గుర్తుంది. మచ్చ తేలిందా?"

"లేదు."

"ఇప్పుడు మళ్ళీ పొడువు." ఆమె అరచెయ్యి చాపి గోడకి ఆనించింది. "అప్పుడు ఎంత బలంగా పొడిచావో అంతే బలంగా. పెళ్ళాం చూస్తోందని తగ్గకు."

"వదినా, ఇప్పుడెందుకు..."

"నలభై మూడుసార్లు నన్ను కొట్టావు. ఒక్కసారీ ఎందుకని అడగలేదే!"

అతను కుర్చీ దిగాడు. పొడిచాడు. ఆమె రెప్ప వెయ్యలేదు. చెయ్యి తీసి చూపించింది. అరచేతి మధ్య బటాణీ గింజంత ఎర్రటి గుండ్రం. ఆ గుండ్రంలో ఒక చుక్క నెత్తురు మెల్లగా గుమిగూడింది.

గదంతా గోల. "చూశారా!" అని కెప్టెన్ చేతులు పైకెత్తాడు. పోటీలో గెలిచినవాడిలా ఉంది అతని ముఖం. "చూశారుగా అందరూ!"

"చూశారుగా" అంది ఆమె కూడా. "అదే ఈటె. అదే చెయ్యి. అదే కసి. ఆ రోజు నా ఒంటి మీద మచ్చ లేదు. ఈ రోజు నెత్తురొచ్చింది. ఆ రోజుకీ ఈ రోజుకీ మధ్య ఈ ఈటె ఎక్కడ పడుకుంది?"

గోల తగ్గింది.

"స్టోరు గదిలో" అన్నాడు అతను.

"నేనిచ్చిన చట్రంలోనేనా?"

"ఎక్కడ పెడితే ఏముంది వదినా? ఇనుమా, తుప్పు పట్టడానికి?"

ఆమె నేరుగా వెళ్ళి స్టోరు గది తలుపు తోసింది. గది మధ్యలో నీలం ప్లాస్టిక్ డ్రమ్ము. అందులో ఆమె ఆయుధాలన్నీ మొన కిందకి, పిడి పైకి నిలబడి ఉన్నాయి. యుద్ధం గంట మోగగానే పరుగెత్తుకొచ్చి చటుక్కున లాక్కోవడానికి వీలుగా. పిడుల అడుగున ఎర్రదారపు కుట్లన్నీ పైకి తిరిగి, కూజాలో గుచ్చిన పూలలా ఒక్కసారి ఆమె వైపు చూశాయి. ఎన్నాళ్ళనుంచి తలకిందులుగా నిలబెట్టారు వీటిని? ఎన్ని వారాలుగా ఒక్కో కడ్డీ తన బరువునంతా ఆ మూడు వేళ్ళ మెత్తదనం మీద మోపి, చీకట్లో మెల్లగా కిందకి దిగుతూ ఉంది?

"చట్రం ఏదీ?"

చెల్లెలు గుమ్మం దగ్గర నిలబడి, నేల చూపులు చూస్తూ అంది.

"అక్కా... ఆయన దాని మీదే కూర్చున్నాడు."

అందరూ సింహాసనం వైపు తిరిగారు. వెండి రంగు కింద ఆమెకి తన చెక్క ఆనవాలు తెలిసింది. చేతులు ఆనించే పట్టీల పక్కన, ఉచ్చులు కోసేసిన చోట గుడ్డ పీచులు ఇంకా అతుక్కునే ఉన్నాయి.

"కెప్టెన్‌కి కుర్చీ లేకపోతే ఎలా?" అన్నాడు అతను. అది జవాబని అతనికే నమ్మకం ఉన్నట్టు లేదు. "ఆరు నెలలు బ్రహ్మాండంగా నడిచింది కదా?"

ఆమె కత్తెర సంచిలోంచి తోలు కోసే చిన్న చాకు తీసింది. ఈటె మొన పొడుగునా చీల్చింది. రబ్బరు విడింది, స్పాంజి విడింది. వేళ్ళతో లోపల తడిమి తోలు బిళ్ళని బయటికి లాగింది. పెట్టాను, అనుకుంది. పెట్టాను. బిళ్ళ మధ్యలో కడ్డీ లావున గుండ్రటి కన్నం. పోటుకి చిరిగితే అంచులు రేగుతాయి. ఇది నొక్కుకుంటూ నొక్కుకుంటూ, నెలల తరబడి అరిగి, నున్నగా పడిన కన్నం. ఆమె దాన్ని పెయింటరు చేతిలో పెట్టింది. అతను వెలుగుకి ఎత్తి పట్టుకుని చూశాడు. కన్నంలోంచి సన్నటి ఎండ అతని చెంప మీద పడింది.

"నేను గట్టిగా పొడవలేదక్కా" అన్నాడు. వారం రోజులుగా గొంతులో పట్టుకున్న మాట. "ఒట్టు. మెల్లగానే పొడిచాను."

"తెలుసు. పక్కవాళ్ళకివ్వు."

బిళ్ళ చేతులు మారుతూ గదంతా తిరిగింది. పాత సోఫాల మాట అన్న మనిషి కోసిన స్పాంజిని రెండు వేళ్ళ మధ్య నొక్కి చూసి, బేరానికొచ్చినవాడిలా "సరుకు మంచిదే" అన్నాడు. క్షమించమని ఒక్కరూ అనలేదు. తప్పు ఆయుధకర్తది కాదనుకునేవాళ్ళు చేతులెత్తమంటే ఒక్కొక్కటే లేచాయి. కెప్టెన్ చెయ్యి అందరికంటే చివర, చెల్లెలు అతని వైపు చూశాక, మోచేతి దాకా లేచింది. ఎవరో వెళ్ళి బోర్డు మీద అక్షరాలు తుడిచేశారు. అయిపోయింది కాబోలనుకుని జనం కదలబోయారు.

"ఆగండి" అంది స్పాంజక్క. "ఇంకా అవలేదు."

ఆమె డ్రమ్ము దగ్గర నేల మీద కూర్చుంది. ఒక్కో ఆయుధాన్నీ బయటికి తీసి బొటనవేలితో మొన నొక్కింది. గొడ్డళ్ళకీ గదలకీ ఏమీ కాలేదు. వాటి తలలు లావు, ఎంత బరువైనా ఆపుకున్నాయి. కత్తులూ ఈటెలూ అలా కాదు. నొక్కగానే లోపల గట్టిగా కడ్డీ ఆమె వేలికి తగిలేది. మంచివి కుడి వైపు, చెడ్డవి ఎడమ వైపు. ఎడమ వైపు కుప్ప పెరుగుతున్న కొద్దీ ఆమెకి అర్థమైంది. తన మాట నిజమైతే ఇవన్నీ చచ్చినట్టే. తన మాట అబద్ధమని తేలి ఉంటే ఇవన్నీ వాళ్ళే కోసేసేవాళ్ళు. నిజమైంది కాబట్టి తనే కోయాలి. చివరికి ఇరవై ఆరు తేలాయి.

"వదినా" అన్నాడు మరిది, గొంతు తగ్గించి. "వచ్చే ఆదివారం పెద్ద యుద్ధం. పక్క ఊరి వాళ్ళు కూడా వస్తున్నారు. మొన మీద ఇంకో పొర అంటించెయ్యండి. ఎవరికీ తెలీదు."

"కన్ను మీద కూడా ఇంకో పొర అంటించనా?"

ఆమె మొదటి కత్తి ఒళ్ళో పెట్టుకుని మొన కోసింది. ఆ కత్తికి నీలం టేపు అతికించడానికి మూడు మధ్యాహ్నాలు పట్టింది. రెండోది కోసింది. ఆదివారం యుద్ధం పోయిందని తెలిసి జనం ఆమె వైపు గుర్రుగా చూశారు. ఇందాక చెయ్యెత్తినవాళ్ళే. "అన్నీ కోయాలా ఏంటి, మరీ చోద్యం" అంటూ ఒకడు తలుపు తన్నుకుంటూ వెళ్ళిపోయాడు. సాయం చేస్తానని చెల్లెలు ముందుకొస్తే, "నువ్వు అవతలికి పో" అంది. "ఆ కుర్చీ విప్పుతున్నప్పుడు నువ్వెక్కడున్నావు?"

చెల్లెలు కళ్ళు నింపుకుని గోడ పక్కకి వెళ్ళింది.

కుప్ప సగమైంది. ఎదురుగా నీడ పడితే తలెత్తింది. లెక్కల టీచరు.

"తప్పు మీది కాదని నా బుర్రకి అర్థమైంది" అంది ఆమె. "నా కంటికి అర్థం కాలేదు. ఈ వారమంతా మీ మొహం తలుచుకుని తిట్టాను. ఒక్క బిళ్ళ చూపించేసరికి అదంతా పోదు."

"పోవాలని నేనడగలేదు."

"మీరు చెప్పి ఊరుకున్నారు. ఎనిమిది నెలల్లో ఒక్కసారి వచ్చి చూసుంటే?"

స్పాంజక్క ఎడమ కుప్పలోంచి ఇంకో ఈటె తీసింది. పిడికి పచ్చ తాడు చుట్టి ఉంది. ఆ తాడు టీచరు స్వయంగా చుట్టుకుంది. ఓడలో అందరికీ తెలుసు అది ఎవరిదో. కోయబోయిన చాకు ఆగింది. ఆమె ఈటెని పైకి చాపింది.

"నొక్కి చూడండి."

టీచరు అందుకోలేదు చాలాసేపు. తర్వాత అందుకుంది. బొటనవేలు మొన మీద ఆనించి నొక్కింది. కట్టు లేని కన్ను కొంచెం చిన్నదైంది. మళ్ళీ నొక్కింది. ఆ వేలు అక్కడే ఉండిపోయింది. కెప్టెన్ కోరుకున్నట్టు ఇంకో ఆదివారం యుద్ధం జరిగి ఉంటే ఈ మొన ఎవరి ముఖం మీదకి వెళ్ళేదో అనుకుంటున్నట్టు, ఆమె గదిలో మిగిలిన ముఖాలని ఒక్కొక్కటే చూసింది. పెయింటరు దగ్గర చూపు కాస్త ఆగింది.

నేల మీద కూర్చుని చెయ్యి చాపింది. స్పాంజక్క చాకు ఇచ్చింది.

"అడ్డంగా కాదు. ఏటవాలుగా పెట్టి కొయ్యండి. లేకపోతే జారి చేతికి తగులుతుంది."

"నాకు తెలుసు" అంది టీచరు విసురుగా.

ఆమెకి తెలీదు. అడ్డంగానే పెట్టింది. చాకు జారింది. రెండోసారి, ఏమీ అనకుండా, ఏటవాలుగా పెట్టింది.